గొంగళ్ళ లెక్కన రేకుల ఇల్లు

మొన్న మా పెద్దవాడు మేడ మీద రేకుల షెడ్డు వేయిద్దామని ఒక మేస్త్రీని పిలుచుకొచ్చాడు. ఆ మేస్త్రీ టేపు పట్టుకుని అటూ ఇటూ కొలిచి, ఇనుప గొట్టాలకింత, రేకులకింత, మరలకింత, కూలికింత అని నోటి లెక్కగా చెప్పుకుపోయాడు. అంతా అయ్యాక మా వాడు నా వైపు తిరిగాడు. ఇంట్లో పెద్దవాణ్ణి కదా, ఒక మాట అడిగినట్టుంటుందని. నేనూ ఒక మాట అన్నట్టుంటుందని, "ఉక్కకెంత వేశావు?" అన్నాను.

మేస్త్రీ మా వాడి మొహం చూశాడు. మా వాడు ఆకాశం వైపు చూశాడు. నాకు ఎనభై దాటిన సంగతి ఇద్దరూ మర్యాదగా గుర్తు చేసుకున్నారు.

నిజానికి ఆ మాట నాది కాదు. సూర్యాపేటలో నేనొకప్పుడు అద్దెకున్న ఇంటి యజమానిది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఉక్కకు లెక్క కట్టిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను.

అప్పట్లో ఎవరితోనైనా "మా ఇంటాయన" అని మొదలుపెడితే ముందు నవ్వి, తర్వాత వినేవాళ్ళు. మగవాడికి ఇంటాయన ఏమిటని. ఇంటికి ఆయన, నాకు కాదు అని వివరించేసరికి చెప్పదలచుకున్న సంగతి మర్చిపోయేవాణ్ణి. ఇప్పుడు కూడా అదే జరిగేట్టుంది కనుక తొందరగా అసలు మాటకొస్తాను.

పోలీసు చర్య అయిన మరుసటి ఎండాకాలం అది. మాది కోదాడ వైపు. సూర్యాపేట బడిలో లెక్కలు చెప్పే పని దొరికి అక్కడికి చేరాను. లెక్కల పంతుల్నే గాని, బడిలో పిల్లలు గాని బయట పెద్దలు గాని నన్ను పెద్దగా లెక్కచేసేవాళ్ళు కాదు. ఆ మాటకొస్తే నన్ను లెక్కించిన మొట్టమొదటి మనిషి మా ఇంటాయనే. గది అడగడానికి వెళ్ళిన రోజున నా జీతం ఎంతో అడిగి, కాసేపు పెదవులు కదిపి, "మూడు గొంగళ్ళు, ఒక పిలగాని గొంగడి" అన్నాడు. నాకేం అర్థం కాలేదు. అది నా నెల జీతమని తర్వాత తెలిసింది.

ఆయన అన్నదమ్ములు గరిడేపల్లి వైపు గొర్రెలు కాసేవాళ్ళు. ఈయన ఆ ఉన్నితో గొంగళ్ళు నేసి సూర్యాపేట అంగట్లో అమ్మేవాడు. లోకంలో ఉన్న ప్రతి వస్తువుకూ ఆయన దగ్గర గొంగళ్ళలో ధర ఉండేది. మా హెడ్మాస్టరు ఆరు గొంగళ్ళ మనిషి. బడి గంట ఒక గొంగడి. దారిన పోయే లారీని ఆపించి దాని ధర అడిగి, అది వెళ్ళిపోయాక కూడా చాలాసేపు ఆ దుమ్ములో నిలబడి పెదవులు కదుపుతూ ఉండేవాడు. లారీ కొనే ఉద్దేశం ఉందా అంటే, "కొనేటోడే ధర అడగాల్నా?" అనేవాడు.

రూపాయల్లో చెప్పవచ్చు కదా అని ఒకసారి అన్నాను. అప్పటికి మా వైపు రెండు రకాల రూపాయలు చలామణిలో ఉండేవి. నైజాంది హాలీ, సరిహద్దు అవతలిది కల్దారు. ఒకదాన్ని ఇంకొకదానిలోకి మార్చడానికి వర్తకులు నన్ను పిలిచేవాళ్ళు. ఒకసారి పిలిచినవాళ్ళు మళ్ళీ పిలిచేవాళ్ళు కాదు. ఆయన నా సలహా విని, జాలిగా తల ఊపాడు. "రూపాయి రెండు తీర్ల ఉంటది పంతులూ. గొంగడి ఒక్క తీరే."

ఆయన భుజం మీద ఎప్పుడూ ఒక నల్ల గొంగడి ఉండేది. చలికాలం, వానకాలం సరే, రోహిణి కార్తెలో కూడా. చూస్తేనే నాకు చెమట పట్టేది. ఎండల్లో ఎందుకండీ అంటే, "సలికి సలి ఆపుతది, ఎండకు ఎండ ఆపుతది. గొర్రె ఏమన్న ఎండకాలం బొచ్చు ఇప్పి పక్కన పెడ్తదా?" అనేవాడు. దాన్ని గొరిగేది మీరే కదా అనబోయి ఊరుకున్నాను. అద్దె ఇంట్లో వాదనలు పనికిరావు. లెక్క వేసేటప్పుడు ఆ గొంగడి అంచును రెండు వేళ్ళ మధ్య నలిపేవాడు. లెక్క చిన్నదైతే కొస, పెద్దదైతే సగం గొంగడి చేతిలోకి వచ్చేది.

ఆ ఎండాకాలం మొదట్లోనే ఆయన ఇల్లాలు మిర్యాలగూడలో తమ్ముడింటికి వెళ్ళిపోయింది. నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. నా అన్నం మాడినప్పుడల్లా గోడ అవతలినుంచే వాసన పట్టి, "పంతులూ, దించు" అని కేకేసేది. ఆమె వెళ్ళాక నేను మాడిన అన్నమే తిన్నాను.

ఆమె వెళ్ళడానికి కారణం ఇంటి కప్పు. మట్టి గోడలు, పైన గడ్డి. అందులో ఎలుకలు, ఎలుకల కోసం వచ్చేవీ ఉండేవి. మిర్యాలగూడనుంచి తమ్ముడొచ్చాడని అక్క కోడిని కోసింది. బావా బామ్మర్దులు పీటల మీద కూర్చున్నారు. సరిగ్గా బామ్మర్ది ముద్ద కలిపే వేళకు కప్పులోంచి ఒక జెర్రిపోతు జారి అతని విస్తట్లో పడింది. అతను పీటతో సహా వీధిలోకి వచ్చి పడ్డాడు. పాము కూడా భయపడి అటకెక్కింది. మా ఇంటాయన మాత్రం కదలలేదు. "జెర్రిపోతే గద, కరువది. కూసోని తిను, కూర సల్లారుతది" అన్నాడట.

పాము పడినందుకు ఆమె వెళ్ళలేదు. ఆ మాటకు వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, నెత్తి మీద గడ్డి ఉన్నన్ని రోజులు ఈ గడప తొక్కనని చెప్పి వెళ్ళింది. మిర్యాలగూడలో తమ్ముడింటి పక్కన వడ్లమిల్లుకు రేకుల కప్పు ఉండేది. వేస్తే అలాంటి రేకులే వేయాలని, లేదంటే తనకు తమ్ముడిల్లు చాలునని ఆ తర్వాత కబురొచ్చింది. కబురు మోసుకొచ్చిన బామ్మర్ది వీధిలోనే నిలబడి, కప్పు కింద అడుగు పెట్టకుండా, నలుగురూ వినేట్టు అన్నాడు. "మా బావ రేకులు ఏస్తడా? మేకులు గూడ ఏయడు."

ఆ సాయంత్రంనుంచి ఇంట్లో లెక్క మొదలైంది.

పొద్దు వాలితే మిలిటరీకి భయపడి తలుపులు మూసుకునే రోజులు. బయట తిరిగే వీలు లేదు కనుక నేను ఆ లెక్కకు సాక్షిని. ఆయన కొట్లో ఉన్న గొంగళ్ళన్నీ తెచ్చి వాకిట్లో పరిచి కుప్పలు పెట్టాడు. కాగితం మీద వేస్తే లెక్క ఎక్కడ తప్పిందో తెలియదట. కుప్పలుగా పెడితే కంటికి కనిపిస్తుందట. పెద్ద కుప్ప రేకులకు. దాని పక్కది వాసాలకు, వడ్రంగికి. చిన్నది మేకులకు. ఇంకా చిన్నది బండి కిరాయికి. ఇదంతా నాకు అర్థమైంది. కాని గోడవారగా ఇంకో కుప్ప ఉంది, దాదాపు రేకుల కుప్పంత ఎత్తున. అది దేనికండీ అన్నాను.

"ఉక్కకు."

నేను లెక్కల పుస్తకాల్లో కూడికలూ తీసివేతలూ చూశాను, వడ్డీ లెక్కలు చూశాను. ఉక్క లెక్క చూడలేదు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. రేకు ఏసుడు ఒక ఖర్సు, రేకు కింద బతుకుడు ఇంకో ఖర్సు. గడ్డి కింద ఉన్నన్ని రోజులు ఉక్కకు ఖర్చు లేదు, అందుకే ఎవడూ లెక్క కట్టడు. రేకు పడ్డ తెల్లారినుంచి మనిషి కుండలో గింజలాగ ఉడుకుతాడు. కనుక ఆ కుప్పలోని గొంగళ్ళు అమ్మేవి కావు. రేకుల మీద పరిచి నీళ్ళు చల్లేవి. గొంగడి మనిషి మీద ఉంటే మనిషికి ఎండ ఆపుతుంది, ఇంటి మీద ఉంటే ఇంటికి ఆపదా?

అంటే ఇంటికి గొంగడి కప్పుతారా అన్నాను.

"కప్పుకు కప్పకపోతే ఇంక దేనికి కప్పుతరు?"

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఏమిటంటే, ఎండాకాలంలో గొంగళ్ళు కొనే నాథుడు లేడు. ఇంట్లో ఉన్న ధనమంతా గొంగళ్ళే. ఆయన లెక్క ప్రకారం ఆయన సూర్యాపేటలో కలిగినవాడు, కాని ఆ కలిమి దసరా దాటేదాకా చెల్లదు. అప్పటిదాకా ఆగవచ్చు కదా అన్నాను. ఆయన పొయ్యి మీద మాడుతున్న జొన్న గట్కను దించి, గరిటె పెట్టి గీకి, గోకి, ఒక్కడే తిన్నాడు. గోడకు ఇటువైపు నేనూ నా మాడిన అన్నాన్ని గీకుతున్నాను. కాసేపు ఇల్లంతా గరిటెల చప్పుడే.

చెంబు కడుగుతూ నేను ఊరికే అడిగాను. అన్నిటికీ ధర చెప్తారు కదా, మరి అక్క ఎన్ని గొంగళ్ళు అని. వేళాకోళానికే. ఆయన గొంగడి అంచు పట్టుకుని నలపడం మొదలుపెట్టాడు. నేను నిద్రపోయాను. తెల్లవారి ఇంకా అలాగే ఉన్నాడు. "నువ్వు అడిగినదానికి లెక్క తేలలే పంతులూ," అన్నాడు. "ఊర్ల అన్ని గొంగళ్ళు లెవ్వు."

కోదాడలో ఒక వర్తకుడి దగ్గర పాత రేకులున్నాయని వినికిడి. కొత్త రేకులు కంట్రోలులో ఉండేవి, పర్మిట్టు కావాలి. పాతవాటిని అడిగేవాళ్ళు లేరు. మాది ఆ వైపే కనుక నన్ను వెంట తీసుకెళ్ళాడు. నాలుగు గొంగళ్ళు మూట కట్టి బొగ్గు బస్సెక్కాం. బస్సులో బొగ్గుల కొలిమి వెనకాల, మా ఒళ్ళో గొంగళ్ళ మూట ముందు. కోదాడ చేరేసరికి నేను సగం వేగి ఉన్నాను. మిగతా సగం ఆ వర్తకుడి షెడ్డులో వేగింది.

ఆయన సరిహద్దు అవతలినుంచి వచ్చి స్థిరపడిన మనిషి. పెద్ద రేకుల షెడ్డు, అందులో బెల్లం దిమ్మలు. వెనక దొడ్లో ఎక్కడో విప్పేసిన గోదాము రేకులు గుట్టగా పోసి ఉన్నాయి. మా ఇంటాయన వాటి వైపు కన్నెత్తి చూడలేదు. ముందు ఈ షెడ్డులో కాసేపు కూర్చుంటానన్నాడు.

"కొనేదుంటే కొనండి. కూర్చునేదేంటండీ?" అన్నాడు వర్తకుడు.

"కూసుంటేనే గద ఉక్కెంతనో తెలిసేది," అన్నాడు మా ఇంటాయన. నా చెయ్యి పట్టి లాగి, తనూ చతికిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం. రేకులు టపటపా పేలుతున్నాయి. బెల్లం దిమ్మలు కరిగి నేల మీద పాకంలాగ పారుతున్నాయి. ఈగలు మమ్మల్నీ బెల్లాన్నీ వేరుగా చూడలేదు. ఆయన గొంగడి కప్పుకుని, కళ్ళు మూసుకుని, దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. మధ్య మధ్యన, "ఇది గొంగడిన్నర ఉక్క" అని నాకు చెప్పేవాడు. కాసేపాగి, "రెండు" అనేవాడు. మూడు దాటాక నేను లేవబోయాను. పంచె లేవలేదు. బెల్లానికి అతుక్కుపోయింది. వర్తకుడూ ఆయనా చెరో చెయ్యీ పట్టి లాగితే పంచె సగం నాతో వచ్చింది, కొసంతా బెల్లంతో ఉండిపోయింది.

బయటికొచ్చి ఆయన నెత్తి మీద చెంబెడు నీళ్ళు పోసుకుని, "బాగనే ఉంది" అన్నాడు. అప్పుడు బేరం మొదలైంది.

రేకులకు బదులు గొంగళ్ళిస్తానంటే వర్తకుడు నవ్వాపుకోలేకపోయాడు. ఈ ఎండల్లో గొంగళ్ళు నేనేం చేసుకోను, కప్పుకుని చావనా అన్నాడు. మా ఇంటాయన వాదించలేదు. మూట విప్పి, నిచ్చెన తెప్పించి, షెడ్డు ఎక్కి, వర్తకుడు కూర్చునే గద్దెకు సరిగ్గా పైన నాలుగు గొంగళ్ళూ పరిచాడు. నేను కిందనుంచి కడవలు అందించాను. తడిసిన ఉన్ని వాసన వీధంతా కమ్మింది. దారిన పోయే పొట్టేలొకటి ఆగి పైకి చూసింది. బంధువులనుకుందేమో. ముక్కు మూసుకుని తిట్టిపోద్దామని వర్తకుడు గద్దె మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు తిట్టలేదు. కాసేపటికి ముక్కు మీది చెయ్యి తీశాడు. ఇంకాసేపటికి పక్కనున్న బెల్లం దిమ్మను వేలితో నొక్కి చూశాడు. అది కారడం మానేసింది.

"ఎన్నున్నాయండీ మీ దగ్గర?" అన్నాడు.

అక్కడే మా ఇంటాయన చిక్కుపడ్డాడు. తన సరుకు గొప్పతనం మరీ బాగా నిరూపించేశాడు. వర్తకుడికిప్పుడు షెడ్డంతా కప్పడానికి గొంగళ్ళు కావాలి. రేకుల కుప్ప ఒక్కటే చాలదు, ఉక్క కుప్ప కూడా ఇస్తేనే రేకులన్నాడు. నిన్న నవ్వినవాడు కాదు, ఇందాక నవ్వినవాడే.

ఆయన గొంగడి మొత్తం చేతిలోకొచ్చింది. అంత పెద్ద లెక్క నేనెప్పుడూ చూడలేదు. నేను చెవిలో చెప్పాను, అవి ఇచ్చేస్తే ఇంటి మీదికేం ఉంటాయి, ఉక్క లెక్క తప్పుతుంది కదా అని. ఆయన నా వైపు చూడకుండా అన్నాడు. "గొంగళ్ళుండి ఆమె లేకపోతే, ఆ సల్లగ ఎవరికి పంతులూ? ముందు ఆమెను రానియ్యి."

రేకులు బండి మీద సూర్యాపేట వచ్చాయి, గొంగళ్ళు అదే బండి మీద కోదాడ వెళ్ళాయి.

వడ్రంగి గడ్డి పీకి, వాసాలు మార్చి, రేకులు పరిచాడు. పాత మేకుల బెజ్జాలు తారు పెట్టి మూశాడు. అయినా కొన్ని మిగిలాయి. పగలు ఇంటి నిండా రూపాయి బిళ్ళల్లాంటి ఎండ. వీధివాళ్ళందరూ వచ్చి చూశారు. ఎదురింటావిడ చెయ్యి పెట్టి చూసి, వెంటనే తీసి, మర్నాడు వడియాలు తెచ్చి ఆరబోసింది. ఆ పక్కావిడ మిరపకాయలు పోసింది. గంటలో ఎండాయి. పైనుంచి ఆ ఘాటు లోపలికి దిగి మేమిద్దరం తుమ్ముతూ బయటికొచ్చాం. మొదటి రోజు తెల్లవారుజామున ఒక కాకి కప్పు మీద ఈ చివరనుంచి ఆ చివరకు నడిచింది. ఆ రోజుల్లో తలుపు చప్పుడైనా గుండె ఆగేది. ఇదైతే బూట్ల చప్పుడే. మేమిద్దరం చేతులెత్తి వాకిట్లో నిలబడ్డాం. కాకి మమ్మల్ని కాసేపు చూసి ఎగిరిపోయింది.

ఇక ఉక్క. దాని గురించి ఏం చెప్పను. కోదాడలో గొంగడిన్నరతో మొదలైంది, ఇక్కడ అయిదుతో మొదలైంది. ఎవరైనా అడిగితే మాత్రం ఆయన గొంగడి సవరించుకుని, "బాగనే ఉంది" అనేవాడు.

అక్కకు కబురు పంపితే బామ్మర్ది నమ్మలేదు. సాక్ష్యం కావాలన్నాడు. ఆ సాక్ష్యం నేనే. మిర్యాలగూడ వెళ్ళాను. ఆమె తమ్ముడింటి వసారాలో రాట్నం ముందు కూర్చుని ఉన్ని వడుకుతోంది. నన్ను చూసి, "సిక్కినవ్ పంతులూ" అంది. రేకులు నిజంగా వేశాడా అంది. వేశాడన్నాను. గడ్డి మొత్తం తీశాడా, మూలల్లో దాచిపెట్టాడా అంది. ఒక్క పోచ లేదన్నాను. లోపల ఎట్లుందంటే ఏం చెప్పాలో తెలియక, వెలుతురు బాగా వస్తుందన్నాను. పక్కనుంచి బామ్మర్ది నవ్వాడు. వేసవిలో రేకుల కింద ఎవరుంటారే, ఒక్క పూటలో మళ్ళీ ఇక్కడికే వస్తవ్, బండి ఇప్పను, ఎడ్లను ఇప్పను, ఆడనే నిలబెడ్త అన్నాడు. ఆమె రాట్నం ఆపి, "ఏం తింటుండు?" అని నన్నడిగింది.

"గట్క. మాడిందే."

ఆమె రాట్నం పక్కకు పెట్టి మూట కట్టడానికి లోపలికి వెళ్ళింది.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున నేను లేచేసరికి ఇంటాయన కప్పు మీద ఉన్నాడు. దిగి వచ్చాక చూస్తే ఏదో తేడాగా ఉన్నాడు. ఏమిటో పోల్చుకోలేకపోయాను. మనిషి సన్నగా, పొట్టిగా, ఈకలు పీకిన కోడిలాగ కనిపించాడు. అప్పుడు అర్థమైంది. భుజం ఖాళీగా ఉంది. పైకి చూశాను. మెరిసే రేకుల మధ్య, పొయ్యికి సరిగ్గా పైన, నల్లగా ఒకే ఒక్క చదరం. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. లెక్కకు అంచు నలుపుదామని ఆయన చెయ్యి రెండు మూడు సార్లు భుజం దాకా వెళ్ళి, అక్కడేమీ దొరక్క, చెవి గోక్కుని దిగింది.

మిట్టమధ్యాహ్నానికి బండి వచ్చింది. బామ్మర్ది ముందు దిగి, రేకులు నిజమేనని చూసి, మొహం వేలాడేశాడు. చూరు దగ్గర వేలితో తట్టి, వేలు నోట్లో పెట్టుకున్నాడు. అన్నట్టుగానే ఎడ్లను విప్పలేదు. అక్క దిగింది. ఆమె రేకుల వైపు చూడలేదు. ఆయన భుజం వైపు చూసింది.

"గొంగడేది?"

ఆయన గడ్డంతో పైకి చూపించాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంటికేమన్న సలి పెడ్తుందా?"

"ఉక్కకు," అన్నాడాయన. "అన్ని కోదాడకు పాయె. నువ్వు కూసునే తావు వరకు లెక్క కట్టిన."

ఆమె లోపలికి వెళ్ళింది. వెనకాలే వెళ్ళిన బామ్మర్ది అంతకన్నా వేగంగా బయటికొచ్చి, రోడ్డవతల వేపచెట్టు కింద కూలబడి, "అక్కా, ఎడ్లు నిలబడే ఉన్నయ్" అని కేకేశాడు. ఇంటాయన కడవ ఎత్తుకుని నిచ్చెనెక్కి గొంగడి మీద నీళ్ళు పోశాడు. పోసి, దిగకుండా అక్కడే, నిచ్చెన మీద, ఖాళీ కడవతో నిలబడ్డాడు. దిగితే లోపలికి వెళ్ళాలి, వెళ్తే ఆమె మొహం చూడాలి. నేను కిందనుంచి నిచ్చెన పట్టుకున్నాను. అది వణుకుతోంది. వణుకు నిచ్చెనదో ఆయనదో తెలియలేదు.

లోపల గిన్నెలు సర్దిన చప్పుడైంది. తర్వాత చీపురు చప్పుడు. తర్వాత అదీ ఆగింది. మూసీ మూయని బెజ్జంలోంచి ఒక నీటి చుక్క కారినట్టుంది. "నెత్తిన పడ్డది" అని లోపలినుంచి వినిపించింది. నిచ్చెన మీద ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"సల్లగుంది," అంది ఆమె.

ఆయన కళ్ళు తెరిచాడు.

"గీ పొయ్యి కాడనే. గీడికెల్లి జర జరిగితె నిప్పులే." మళ్ళీ ఆమే అడిగింది. "ఇల్లంత కప్పనీకి ఎన్ని గావాలె?"

ఆయన చెయ్యి భుజం దాకా వెళ్ళి వచ్చింది. "ఇరవై," అన్నాడు మెల్లగా.

"నేను వడుకుత, నువ్వు నెయ్యి. ఏడాదికి నాలుగింటికి సరిపోయేటంత వడుకుత. అంతకంటె ఒక్క పోగు ఎక్కువ వడుక."

నాకు తెలిసి ఆయన ఎవరితోనైనా బేరమాడేవాడు. కూరగాయలమ్మితో, వడ్రంగితో, వైద్యుడితో. ఎప్పుడు ఆడినా నాలుగంటే ఎనిమిది అడిగేవాడు. ఆ రోజు కడవ దించి రేకు మీద పెట్టి, వంగి, బెజ్జం దగ్గర నోరు పెట్టి అన్నాడు.

"నాలుగెందుకు? పానానికి కష్టమైతది. ఏడాదికి రెండు సాలు."

లోపల నవ్విన చప్పుడైంది. కాసేపటికి ఆమె గుమ్మంలోకి వచ్చి, ఎడ్లను ఇంటికి తోలుకుపొమ్మని తమ్ముడికి కేకేసింది.

నేనింకా నిచ్చెన పట్టుకునే ఉన్నాను. వచ్చేవాటిని తగ్గించుకునే బేరం ఎక్కడైనా ఉందా, ఈయనకు ఎండ దెబ్బ తగిలిందేమో అనుకుంటున్నాను. లెక్కల పంతుల్ని కదా, ఏడాదికి నాలుగైతే అయిదేళ్ళే, రెండైతే పదేళ్ళని తేల్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది.